గొర్రె పాలకూ ఒక గడి గీయండి: పశుసంవర్ధక అధికారులకు, పరిశోధకులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖల అధికారులకు, రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయాల పరిశోధకులకు,

నమస్కారం.

మీ లెక్కల ప్రకారం మా గొర్రెలు పాలివ్వవు. కేంద్ర పశుసంవర్ధక శాఖ ఏటా అచ్చువేసే గణాంకాల పుస్తకంలో పాల పట్టిక తీసి చూడండి. విదేశీ ఆవు, సంకరజాతి ఆవు, నాటు ఆవు, బర్రె, మేక... ఒక్కోదానికి ఒక్కో గడి ఉంది. గొర్రెకు లేదు. మాంసం పట్టికలో గొర్రె ఉంది, ఉన్ని పట్టికలో ఉంది, పాల దగ్గరికి వచ్చేసరికి మాయం. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలున్నాయి. అందులో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. రెండూ కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం. ఇన్ని గొర్రెలూ పుట్టిన రోజు నుంచి మూడు నెలల దాకా ఏం తాగి బతికినట్టు?

ఈ ప్రశ్న వెటకారానికి అడగడం లేదు. ఈ ఉత్తరం మొత్తం దాని గురించే.

నేను పాలమూరు వైపు కురుమ కుటుంబంలో పుట్టినవాడిని. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, నాయన మోకాళ్లు పట్టేశాక మంద దగ్గరికి తిరిగొచ్చాను. ఇప్పుడు మాకు నూట ఇరవై దాకా గొర్రెలు, పద్నాలుగు మేకలు ఉన్నాయి. తాత కాలంలో అన్నీ నల్ల గొర్రెలే, దక్కని జాతివి. గొంగడికి గిరాకీ పోయాక నాయన ఎర్ర గొర్రెలకు మారాడు, అంటే మీరు నెల్లూరు జాతి అనేవి. ఉన్ని ఉండదు, కాళ్లు పొడుగు, సంతలో ఎత్తు చూసి ధర పెడతారు. మా మందలో ఇంకా తొమ్మిది నల్లవి మిగిలాయి. అవ్వ ఉన్నన్నాళ్లు వాటిని అమ్మనివ్వలేదు, ఆమె పోయాక మాకు చేతులు రాలేదు.

తిరిగొచ్చిన మొదటి ఏడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. కార్తీకం దాటాక ఈతలు మొదలయ్యాయి. ఒక ఎర్ర గొర్రె కవలల్ని ఈనింది. ఇంట్లో పండగే అనుకున్నాను. నాయన మొహం మాత్రం వెలగలేదు. "దీనికి ఒకదానికే పాలు సరిపోవు, రెండోది ఎట్ల బతుకుతది" అన్నాడు. ఐదో రోజు చిన్న పిల్ల చచ్చిపోయింది. రోగం కాదు, చలి కాదు, ఆకలి. అదే వారం తొమ్మిది నల్లవాటిలో ఒకటి కవలల్ని ఈనింది. అమ్మ దాన్ని నల్లచెవి అని పిలుస్తుంది. దాని పిల్లలు రెండూ బతికాయి. మీదుమిక్కిలి అమ్మ పొద్దున పూట దాని దగ్గర ఒక చిన్న గ్లాసు పాలు పిండి చాయ్‌లో పోసేది. గొర్రె పాల చాయ్ తాగని కాపరి ఉండడు. ఈ ముక్క రాస్తుంటే ఆ చిక్కదనం నాలుక మీదికి వస్తోంది.

ఒకే మంద, ఒకే బీడు, ఒకే కుంట నీళ్లు. మరి తేడా ఎక్కడిది? ఆ సంవత్సరం నుంచి కొలవడం మొదలుపెట్టాను.

కొలిచే పద్ధతి నేను కనిపెట్టింది కాదు, మీ పాఠ్యపుస్తకాల్లోదే. రాత్రి పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి గంపల కింద మూస్తాం. తెల్లారి పిల్లను తూచి, తల్లికి విడిచి, కడుపు నిండాక మళ్లీ తూస్తాం. రెండు తూకాల తేడానే అది తాగిన పాలు. పొదుగులో ఇంకా మిగిలితే చేత్తో పిండి కలుపుకుంటాం. పుస్తకంలో రెండు వాక్యాల పని ఇది. మంద దగ్గర మాత్రం నరకం. మొదటి నెలంతా సంతలో వాడే ముల్లు కాటాతో తూచాను. నూటయాభై గ్రాముల తేడాకు ఆ ముల్లు కదలనే కదలదు. తర్వాత కూరగాయల దుకాణాల్లో ఉండే డిజిటల్ కాటా కొన్నాను. అప్పుడు ఇంకో తమాషా. రెండు తూకాల మధ్యలో పిల్ల ఉచ్చ పోస్తే పాలు తాగి బరువు తగ్గినట్టు వస్తుంది. ఆ రోజు లెక్క కొట్టేయడమే. నోట్‌బుక్‌లో కొట్టివేతలు చూసి మా చెల్లెలు "ఇది పాల లెక్కనా, ఉచ్చ లెక్కనా" అని నవ్వేది.

ఐదేళ్లు రాశాను. రాసింది నేనే కానీ ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లో కూడా గుర్తుపట్టింది అమ్మ. చెవి పోగులు ఊడిపోతాయి, అమ్మ జ్ఞాపకం ఊడదు. ఆ ఐదేళ్లలో మాకు అర్థమైంది ఇది. రాత్రంతా కూడబెట్టి పొద్దున పావు కిలో ఇచ్చే గొర్రె ఉంది, అరకిలో దాటించే గొర్రె ఉంది. మొదటిదాని పిల్ల మూడు నెలలకు పదకొండు కిలోలు తూగితే రెండోదాని పిల్ల పదహారు తూగింది. ఐదు కిలోల తేడా అంటే ఎంతో సంతలో ఏ దళారిని అడిగినా చెబుతాడు. పిల్ల మొదటి వారాల్లో ఒక కిలో బరువు పెరగడానికి సుమారు ఐదు కిలోల తల్లిపాలు కావాలని మీ పుస్తకాలే చెబుతున్నాయి. అంటే మా గొర్రె పాలు రోజూ అమ్ముడుపోతూనే ఉన్నాయి, కాకపోతే మాంసం రూపంలో, కబేళా దగ్గర. మాంసపు జాతి అని ముద్ర వేసి దాని పాల సంగతి పక్కన పెట్టడం ఎంత పొరపాటో చూడండి.

నా లెక్కలో తప్పులున్నాయని నాకు తెలుసు. తొలిచూలు గొర్రెకు పాలు తక్కువ, మూడో ఈతకు ఎక్కువ. పోతు పిల్ల పెంటి పిల్ల కంటే గట్టిగా కుడుస్తుంది. వానలు పడిన ఏడు ఒకలా, పడని ఏడు ఒకలా. ఇవన్నీ విడదీసి, ఇంత మేతది, ఇంత వయసుది, ఇంత వంశానిది అని తేల్చే విద్య నాకు లేదు, మీకు ఉంది. వేరే దేశాల్లో ఏళ్ల తరబడి కొలిచిన మందల్లో పాల దిగుబడి తేడాలో దాదాపు మూడో వంతు వంశం నుంచి వస్తుందని తేలింది. మిగతాది మేత, నీళ్లు, రోగం, కాపరి చేతివాటం. మూడో వంతు చిన్నది కాదు. మేత ప్రతి ఏడూ పెట్టాలి, వంశం ఒకసారి మెరుగైతే మందలో నిలుస్తుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. విత్తనపు పొట్టేలును మేం కంటితో ఏరతాం. పొడుగు, చెవులు, కొమ్ము, నడక చూస్తాం. అన్నిటికంటే మించి, ఆ ఏడు పుట్టినవాటిలో అందరికంటే పెద్దగా పెరిగిన పోతు పిల్లను ఉంచుకుంటాం. బాగా పెరిగిందంటే తల్లికి పాలున్నట్టే కదా అని మా తాతల లెక్క. సగం నిజమే. కానీ అందరికంటే పెద్దగా పెరిగేది ఎప్పుడూ ఒంటి పిల్లే. రెండు పిల్లల్ని సాకిన నల్లచెవి దగ్గర ఒక్కో పిల్ల పన్నెండు కిలోలే తూగుతుంది. కలిపితే ఇరవై నాలుగు. కంటికి మాత్రం పక్కనున్న పదహారు కిలోల ఒంటి పిల్ల ఆనుతుంది. అట్లా ఏళ్ల తరబడి మందలో అసలైన పాడి గొర్రెల పోతుల్ని మేమే కసాయికి అమ్ముకున్నాం. కాగితం మీద రాసుకుంటే గానీ ఈ మోసం కనబడలేదు.

పక్క రాష్ట్రంలో ఒకాయన ఈ ముడిని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. మహారాష్ట్రలో సతారా జిల్లా ఫల్టణ్‌లో బనబిహారి నింబ్కర్ పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. సుందరబన్స్‌లో గరోల్ అని చిన్న గొర్రె ఉంటుంది, ఈనితే రెండు మూడు పిల్లలు. దానికి కారణమైన జన్యువు ఆస్ట్రేలియాలో బూరూలా మెరినో గొర్రెలోనూ ఉంది, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నుంచి ఓడెక్కి వెళ్లిన గొర్రెలే దానికి మూలమని అంటారు. ఆ జన్యువు ఏమిటో 2001లో తేలింది. ఫల్టణ్ వాళ్లు దాన్ని గరోల్ నుంచి మన దక్కని గొర్రెలోకి తెచ్చారు. కవలలు పెరిగాయి. పెరిగాక మా నాయన అడిగిన ప్రశ్నే వాళ్లకూ ఎదురైంది: పాలెక్కడివి? అందుకే పాడికి పేరున్న ఇజ్రాయెల్ అవాసీ గొర్రె రక్తాన్ని కూడా కలిపారు. ఇప్పుడు వాళ్లిచ్చే గొర్రెకు నారీ సువర్ణ అని పేరు. నేను ఆ గొర్రె కొనమని చెప్పడం లేదు, మా బీళ్లలో అది ఎట్లా నిలుస్తుందో కొలవకుండా చెప్పలేను. రెండు పిల్లలు కావాలంటే ముందు పొదుగు సంగతి చూడాలని తెలుసుకోవడానికి ఒక సంస్థకు అన్నేళ్లు పట్టిందని మాత్రం చెబుతున్నాను. అది మనకు ఉచితంగా దొరికిన పాఠం.

పాల కోసమే గొర్రెను పెంచే దేశాల్లో ఏం చేశారో మీకు నా కంటే బాగా తెలుసు. అయినా ఈ ఉత్తరం చదివే నా తోటి కాపరుల కోసం ఒక్క ఉదాహరణ. ఫ్రాన్స్ దక్షిణాన రాళ్ల నేలలో లకోన్ అనే గొర్రె ఉంటుంది. రోక్‌ఫోర్ అనే ప్రసిద్ధ జున్నుగడ్డ దాని పాలతోనే చేస్తారు. 1960ల ప్రాంతంలో అది ఒక ఈతకు వంద లీటర్లు కూడా ఇచ్చేది కాదు. ఇవాళ దాదాపు మూడు వందల లీటర్ల దాకా వస్తోంది. అందులో మేత వాటా ఉంది, కొట్టం వాటా ఉంది, వంశం వాటా కూడా గట్టిగానే ఉంది. వాళ్లు చేసింది వినడానికి చాలా మామూలు పని. అందరి మందల్నీ కొలవలేదు. అయిదింట ఒక వంతు మందల్లో మాత్రం ప్రతి గొర్రె పాలనూ నెలనెలా క్రమం తప్పకుండా కొలిచారు. ఏ పొట్టేలు కూతుళ్లు ఎక్కువ ఇచ్చాయో చూసి, ఆ పొట్టేళ్ల సంతానాన్ని మిగతా మందలకు పంపారు. పొట్టేలుకు పొదుగుండదు, దాని పాలు కూతుళ్ల దగ్గరే కనబడతాయి. 2015 నుంచి కూతుళ్లు ఈనేదాకా ఆగకుండా పిల్ల పొట్టేలు రక్తం చుక్కతోనే అంచనా వేస్తున్నారు. ఆ రక్తపు చుక్కకు విలువ వచ్చింది మాత్రం వెనక దశాబ్దాల నోట్‌బుక్కులు ఉండబట్టే. నోట్‌బుక్ లేకుండా జన్యు పరీక్ష యంత్రం కొంటే అది మేక మెడ చన్నుల్లాంటిదే.

ఈ మాట ఎందుకంటే, ఈ మధ్య ఎక్కడ సదస్సు జరిగినా సానెన్ మేక, ఆల్పైన్ మేక, వాటి వీర్యం స్ట్రాలు అనే మాటలే వినబడుతున్నాయి. రోజుకు మూడు నాలుగు లీటర్లు ఇచ్చే స్విట్జర్లాండ్ మేక ఫోటో చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. కానీ ఇదే ఆశతో పాడి గొర్రెల్లో మేటి అనే ఈస్ట్ ఫ్రీజియన్‌ను ఇజ్రాయెల్ తీసుకెళ్తే ఆ ఎండకు, ఊపిరితిత్తుల రోగాలకు తట్టుకోలేకపోయింది. చివరికి 1955 నుంచి దాన్ని స్థానిక అవాసీతో కలిపి, అవాసీ రక్తం వాటా ఎక్కువ ఉండేలా అసాఫ్ అనే కొత్త జాతిని చేసుకున్నారు. మన దగ్గరా కర్నాల్‌లో బీటల్ మేకల్ని ఆల్పైన్, సానెన్ పోతులతో కలిపి చూశారు. మన పలమనేరులోనే నెల్లూరు గొర్రెను డార్సెట్, సఫోక్ అనే సీమ పొట్టేళ్లతో కలిపి చూశారు. ఆ సంకరాలు ఇవాళ ఏ కాపరి మందలో ఉన్నాయో చూపించండి. వానలు వెనకబట్టే రోజుల్లో దోమలాంటి చిన్న పురుగు కుట్టి నీలి నాలుక వస్తే, మూతి వాచి మేత ముట్టక పడిపోయే వాటిలో సీమ రక్తం గొర్రెలే ముందుంటాయి. మా గొర్రెలకూ వస్తుంది, కానీ వందల ఏళ్లుగా దానితో కుస్తీ పట్టిన ఒళ్లు వీటిది.

ఇక మేక పాల గురించి. ఇది కొంచెం నిష్ఠూరంగా అనిపించవచ్చు.

డెంగీ సీజన్ వస్తే మా ఊరికి పట్నం నుంచి ఫోన్లు వస్తాయి. మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాట్సాప్‌లో చూశామని, లీటరు ఎంతైనా ఇస్తామని. దానికి రుజువు లేదని మీకు తెలుసు, ఆ మాట గట్టిగా చెప్పాల్సింది మీరే. చెప్పకపోగా మేకపాల వ్యాపారం మీద శిక్షణ తరగతులు పెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. మేకపాల కొవ్వు బిందువులు చిన్నవి, త్వరగా అరుగుతాయి, అంతవరకు నిజం. పసిపిల్లలకు కేవలం మేకపాలే పట్టిస్తే ఫోలేట్ చాలక రక్తహీనత వస్తుందన్నదీ అంతే నిజం. శిక్షణలో మొదటిది చెబుతారు, రెండోది చెప్పరు.

పచ్చి పాల సంగతి ఇంకా ముఖ్యం. నూరేళ్లకు పైగా కిందట మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులు నెలల తరబడి విడవని జ్వరంతో మంచాన పడేవారు. డేవిడ్ బ్రూస్ 1887లో ఆ జ్వరానికి కారణమైన క్రిమిని కనిపెట్టాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం ఇంకో పద్దెనిమిదేళ్లు ఎవరికీ తెలియలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ అనే మాల్టా డాక్టరు చూడటానికి నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉన్న మేకల రక్తంలో దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపేశారు, జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. బ్రూసెల్లా అనే ఆ క్రిమి మన మందల్లోనూ ఉంది. ఈచుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో లాగిపడేసేది మా ఆడవాళ్లు. ఆ తర్వాత వచ్చే కీళ్ల నొప్పులను, సాయంత్రం జ్వరాన్ని టైఫాయిడ్ అని మందులు మింగేదీ వాళ్లే. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, బర్రె పెయ్యలకు పెట్టారు. మేకలకు, గొర్రెలకు ఆ కార్యక్రమంలో చోటు దొరకలేదు. పాల వ్యాపారం చేయమని మమ్మల్ని పురమాయించే ముందు మా మందలకు రక్త పరీక్ష చేయండి. అదీ పరిశోధనే. పేపర్లో ఫోటో రాదేమో కానీ మా అమ్మ మోకాళ్ల నొప్పికి పేరు దొరుకుతుంది.

మేకపాల విషయంలో నాకు నిజంగా ఆసక్తి ఉన్న శాస్త్రం ఒకటుంది. మా ఇంట్లో పద్నాలుగు మేకలుంటే కొన్నిటి పాలు చక్కగా తోడుకుంటాయి, కొన్నిటివి ఎంత సేపున్నా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. తోడు మంచిది కాదేమో అని అమ్మ గిన్నె మార్చేది. ఫ్రాన్స్‌లో దీని గుట్టు కనిపెట్టారు. పాలలో ఆల్ఫా ఎస్1 కేసీన్ అనే మాంసకృత్తి ఉంటుంది. ఒక్కో మేకకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున దాని జన్యువులు వస్తాయి. అవి బలమైన రకమైతే పెరుగు గట్టి, బలహీనమైనదైతే పలుచన, ఒకో రకంలో ఆ మాంసకృత్తి అసలే ఉండదు. వాళ్లు విత్తనపు పోతుల్ని ఏరేటప్పుడు ఈ పరీక్ష కూడా చేస్తారు. మన పల్లె మేకకు జాతి పేరు కూడా సరిగ్గా పెట్టలేదు. దాని ఒంట్లో ఏ రకం ఉందో చూడటానికి ఉత్తరప్రదేశ్‌లో మఖ్దూంలోని మేకల పరిశోధన కేంద్రం దాకా పోనక్కర్లేదు కదా, రాజేంద్రనగర్‌లో ప్రయోగశాల ఉంది, మా ఊరు రెండు గంటల దూరం. ఒక ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) విద్యార్థికి సరిపడా పని. ఆ విద్యార్థికి మా ఇంట్లో పెరుగన్నం నా బాధ్యత.

కథ వంశానిదీ, కొలతదీ అయినప్పుడు ప్రభుత్వం వేల కోట్లు పెట్టిన పని ఒకటి మాట్లాడకుండా ఉండలేను. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీతో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. కాపరిని పట్టించుకున్నారన్న సంతోషం మాకు ఉండింది, దాన్ని కాదనను. కానీ ఆ గొర్రెల్ని పక్క రాష్ట్రాల సంతల నుంచి తెచ్చేటప్పుడు చూసింది తల, పన్ను, ధర. ఇరవై గొర్రెల మీద ఒక పొట్టేలు అంటే ఆ ఒక్కటే వచ్చే తరంలో సగం రక్తం. దాని తల్లి ఎంత పాలిచ్చిందో, కవలల్ని సాకిందో లేదో ఒక్క కాగితం ముక్క ఉందా? అంత పెద్ద సంఖ్యలో పొట్టేళ్లు ఒకేసారి ఊళ్లకు చేరే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో. వాటిలో పదో వంతు అయినా లెక్క తెలిసిన తల్లుల పోతులైతే ఇవాళ మనం వేరే మాటలు మాట్లాడుకునేవాళ్లం.

మరి ఏం చేయాలంటారా? ఇథియోపియా వాళ్లు చేసింది చూడండి. మనకంటే పేద దేశం, మనలాంటి మందలే. 2009 నుంచి బోంగా, హొర్రో, మెంజ్ అనే గొర్రెల ప్రాంతాల్లో ఊరి మందల్నే పరిశోధన మందలుగా తీసుకున్నారు. ఫారం కట్టలేదు, జాతి మార్చలేదు. ఊళ్లో ఒకరిని లెక్కలు రాయడానికి జీతానికి పెట్టారు. ఏ గుణాలు కావాలో కాపరుల్నే అడిగారు. ఏటా పిల్ల పొట్టేళ్లన్నిటినీ ఒకచోట నిలబెట్టి, కాగితం మీది లెక్క శాస్త్రవేత్తలు చెబితే, కాళ్లు, రంగు, నడక చూసి కాపరులు ఏరారు. ఏరిన పొట్టేలును కొన్ని మందలు కలిసి పంచుకున్నాయి, ఏడాదో రెండేళ్లో కాగానే మార్చుకున్నాయి. ఇందులో ఏ ముక్క మనకు చేతకాదు?

కృత్రిమ గర్భధారణ అంటారేమో. ఆవుకు కుదిరింది గొర్రెకు అంత సులువుగా కుదరదని మీకే తెలుసు. గొర్రె గర్భాశయ ముఖద్వారం మెలికలు మెలికలుగా ఉండి గొట్టం లోపలికి పోదు. ఫ్రాన్స్‌లో కూడా గొర్రెలకు గడ్డకట్టించిన వీర్యం కాకుండా అప్పటికప్పుడు తీసిన తాజా వీర్యమే ఎక్కువగా వాడతారు, మందంతా ఒకేసారి ఎదకు వచ్చేలా మందులు పెట్టి. ఎండాకాలం నల్లమల వైపో కృష్ణ ఒడ్డుకో మంద తోలుకుపోయే మాకు అది అయ్యే పని కాదు. మాకు నడిచొచ్చే పొట్టేలే కావాలి, దాని మెడలో తల్లి పాల లెక్క రాసిన ఒక కార్డు కావాలి.

పలమనేరు పరిశోధన కేంద్రంలో నెల్లూరు గొర్రెల మంద ఉంది, దాని పాత రికార్డులు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి. పాలమూరులో, నల్లగొండలో, ప్రకాశంలో, అనంతపురంలో పది పది మందలు పట్టుకోండి. కొలిచే మనిషికి కూలి ఇవ్వండి, ఆ మనిషి కాపరి ఇంటి ఆడపిల్లైతే ఇంకా మంచిది, లెక్క తప్పదు. నెల్లూరు గొర్రెల్నే కాక మాచర్ల గొర్రెల్ని, మిగిలిన నల్ల గొర్రెల్ని కూడా ఆ లెక్కలో పెట్టండి. గొంగడికి పనికిరాదని మేం వదిలేసిన జాతిలో పాలు ఉన్నాయేమో ఎవరూ కొలవలేదు. మా తొమ్మిది గొర్రెల మీద నేను తీర్పు చెప్పలేను. ఇంకో పదేళ్లు ఆగితే మీరు కూడా చెప్పలేరు, కొలవడానికి గొర్రె ఉండదు.

ఒక చిన్న మనస్తాపం కూడా రాయనివ్వండి, ఊరూ పేరూ చెప్పను. కొన్నేళ్ల కిందట ఒక బృందం మా మందకు వచ్చింది. మూడు రోజులు గొర్రెల్ని పట్టి ఇచ్చాం. ఎత్తు, పొడుగు, ఛాతీ చుట్టుకొలత, తోక కూడా కొలిచారు. గొర్రె తోక బెత్తెడని చిన్నప్పటి నుంచి వింటున్నదే, దానికి టేపు ఎందుకని నాయన నవ్వాడు. రక్తం తీసుకున్నారు. ఫలితాలు పంపుతామన్నారు. తర్వాత ఆ కొలతలు ఇంగ్లీషులో ఏదో పత్రికలో వచ్చాయని ఎవరో చెప్పారు. మా మందలో ఏ గొర్రె మంచిదో, దేన్ని ఉంచుకోవాలో ఆ కాగితంలో ఉండి ఉంటుంది. మాకు చేరలేదు. అప్పుడు రక్తం ఇచ్చిన గొర్రెల్లో సగం ఇప్పుడు లేవు. ఇంకోసారి ఎవరైనా వస్తే ముందు అడిగేది ఇదే: లెక్క తెలుగులో, మా చేతికి, ఈతలు మొదలయ్యే లోపు ఇస్తారా?

నా నోట్‌బుక్కులు ఐదు ఉన్నాయి. జిరాక్స్ తీసి పెట్టాను, ఒక సెట్టు రాజేంద్రనగర్‌కు, ఒక సెట్టు తిరుపతికి. ఉచ్చ కొట్టివేతలతో సహా అలాగే ఇస్తాను, మార్చి రాయలేదు. వచ్చే కార్తీకానికి మందలో దాదాపు ఎనభై గొర్రెలు చూడి మీద ఉంటాయి. నల్లచెవికి ఇది ఏడో ఈత, పళ్లు అరిగాయి, బహుశా ఇదే ఆఖరు. దాని కూతుళ్లు నలుగురున్నారు, ఇద్దరు ఇప్పటికే కవలల్ని సాకారు. కిందటి ఏడు పుట్టిన దాని పోతు పిల్లను అమ్మకుండా ఉంచాను. సంతలో రెండుసార్లు బేరం వచ్చింది, అమ్మ అడ్డుపడింది.

కాటా మా దగ్గర ఉంది. పొద్దున ఏడు లోపు రండి, ఆ తర్వాత మంద కదిలిపోతుంది.

ఇట్లు,
పాలమూరు నుంచి ఒక కురుమ కాపరి